జంట టైర్ల మధ్య రెండు వేళ్లు

ఈ సంగతి ఇన్నాళ్లూ రాయకపోవడానికి మొదటి కారణం నాకు రాయడం రాకపోవడమే. యాభై మూడేళ్లు వచ్చేదాకా బ్యాంకులో వేలిముద్ర వేసినదాన్ని. రెండో కారణం సిగ్గు. అక్షరాలు వచ్చాక కూడా ఈ మొదటి పేజీ నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను. ఇది అయిదోది.

నా పేరు మస్తాన్‌బీ. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు టైర్లు, రిమ్ములు బిగించే షాపు మాది. మా ఆయన ఉన్నన్నాళ్లూ ఇద్దరం పని పంచుకున్నాం. ఆయన చదివేవాడు, నేను బిగించేదాన్ని. టైరు పక్కగోడ మీద ఏం రాసి ఉందో ఆయన చెబితే, ఆ రబ్బరు రిమ్ములో సరిగ్గా కూర్చుందో లేదో నేను అరచేత్తో తడిమి చెప్పేదాన్ని. ఆయన పోయాక షాపు నేనే నడిపాను. బరువు పనికి ఇద్దరు మనుషుల్ని పెట్టుకున్నాను. చదివే పనికి మాత్రం ఎవర్నీ పెట్టుకోలేదు. పెట్టుకుంటే నాకు చదువు రాదని తెలిసిపోతుంది కదా.

అంకెలు నాకు తెలుసు. నోట్లు లెక్కపెట్టగలను, టైరు సైజు గుర్తుపట్టగలను. అక్షరాలే రావు. షాపు గోడకు అద్దం కట్టించిన చార్టు ఒకటి ఉండేది. టైర్ల కంపెనీ మనిషి మా ఆయనకు ఇచ్చాడు. ఏ టైరుకు ఎంత వెడల్పు రిమ్ము, ఎంత గాలి, ఎంత బరువు, ఇంకా ఏమేమి చూడాలో అంతా తెలుగులోనే అచ్చేసి ఉంది. అంకెలు పోల్చగలను గానీ, ఏ గడిలో అంకె దేనిదో నాకు తెలిసేది కాదు. రోజూ పొద్దున దాని అద్దం తుడిచేదాన్ని. ఎవరైనా అందులో ఏదన్నా చూడమంటే నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. "కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానండీ, కాస్త మీరు చదవండి." తొమ్మిదేళ్లు ఆ మాటతోనే నెట్టుకొచ్చాను.

2018 ఎండాకాలంలో ఒక రోజు పొద్దున్నే షాపు ముందు ఒక పాత లారీ ఆగింది. ముందుకు పొడుచుకొచ్చిన బానెట్టు, గుండ్రటి మడ్‌గార్డులు, చెక్క బాడీ. మేం ముక్కు లారీ అంటాం. అలాంటివి రోడ్డు మీద కనబడి ఎన్నేళ్లయిందో. నేను చేతిలో పని వదిలేసి దాని చుట్టూ తిరిగాను.

"ఏంటి మస్తానమ్మా, అట్టా చూస్తన్నావు? మా ముసలోడు నచ్చాడా?" అంటూ డ్రైవరు దిగాడు. కోటయ్య. అరవై దాటిన మనిషి, అంతకుముందు వేరే లారీలతో మా షాపుకి వస్తూ ఉండేవాడు.

"నీ పక్కన నిలబెడితే వీడే కుర్రాడిలా ఉన్నాడు" అన్నాను.

"ఉండడా మరి. నాలుగేళ్లు పట్టింది వీణ్ని లేపి నిలబెట్టటానికి. నాకెవరు చేస్తారమ్మా రిపేరు?"

అవతలి తలుపు తీసుకుని శేషగిరి గారు దిగారు. చల్లపల్లి దగ్గర చేనేత బట్టల వ్యాపారం వాళ్లది. ఆ లారీ వాళ్ల నాన్నగారిది. నూలు తేవడానికి, చీరలు పంపడానికి ఆయన కొన్నది. కోటయ్య పద్దెనిమిదేళ్ల వయసులో దాని మీదే స్టీరింగు పట్టాడట. తర్వాత అది పాతికేళ్లు షెడ్డులో పడి ఉంది. శేషగిరి గారు దాన్ని మళ్లీ తిప్పాలనుకున్నారు. ముక్క ముక్క వెతికి తెచ్చి బిగించింది మాత్రం కోటయ్య.

"అమ్మా, అన్నీ బాగానే కుదిరాయి గానీ, ఈ చక్రాలు చిన్నగా ఉండి బండి కుంగినట్టుంది. కాస్త ఎత్తుగా, దర్జాగా నిలబడాలి" అన్నారాయన. "థౌజండ్ ట్వంటీ వేయండి."

ఆ లారీకి పుట్టుకతో వచ్చిన టైరు 8.25-20. మొదటి అంకె టైరు వెడల్పు, రెండోది రిమ్ము అడ్డకొలత, రెండూ అంగుళాల్లో. ఆయన అడుగుతున్నది 10.00-20. మా నోట్లో అది థౌజండ్ ట్వంటీ. రెండూ ఇరవై అంగుళాల రిమ్ము మీదే కూర్చుంటాయి కాబట్టి చాలామంది తేడా ఏముందిలే అనుకుంటారు. చాలా తేడా ఉంటుంది. టైరు ఎత్తూ లావూ పెరుగుతాయి, దానికి తగ్గట్టు రిమ్ము వెడల్పు పెరగాలి. చక్రం ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. స్టీరింగు బరువవుతుంది. బ్రేకు వేసిన చోట బండి ఆగదు, కాస్త ముందుకు పోయి ఆగుతుంది. ఇవన్నీ కోటయ్యకు చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

రిమ్ములు పాత సామాన్ల వరసలో దొరికాయి. బోల్టు రంధ్రాలు సరిపోయాయి, నడిమి రంధ్రం సరిపోయింది. ఆ రోజుల రిమ్ముకు ఒక పక్క లాక్ రింగు ఉంటుంది, టైరు జారిపోకుండా పట్టుకునే ఇనప కమ్మీ. గాలి కొట్టేటప్పుడు అది ఎగిరొస్తే మనిషి మిగలడు. గొలుసు చుట్టి, దూరం నుంచి గాలి కొట్టించాను. ఆ పని నేనెన్నడూ తేలిగ్గా తీసుకోలేదు.

ముందు చక్రాలకు సుద్ద పరీక్ష చేశాను. టైరు అంచులకు సుద్దపొడి పూసి, స్టీరింగు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పిస్తాం. ఎక్కడన్నా తగిలితే అక్కడ తెల్లటి మరక పడుతుంది. ఒక చక్రం కింద దుంగ పెట్టి ఎత్తించి మళ్లీ తిప్పిస్తాం. గుంతలో పడి స్ప్రింగు కమాను కట్ట అణిగినప్పుడు టైరు ఎక్కడ తగులుతుందో అలా తెలుస్తుంది. ఎడమ పక్క కాస్త మరక పడింది. స్టాపరు బోల్టు ఒకటిన్నర చుట్టు బయటకు తీశాను, స్టీరింగు అంత దూరం తిరక్కముందే ఆగేలా. మళ్లీ తిప్పితే మరక పడలేదు. శేషగిరి గారు ముచ్చటపడ్డారు. "ఇంత ఓపిగ్గా చేసేవాళ్లు ఎక్కడున్నారమ్మా ఇప్పుడు" అన్నారు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

వెనక చక్రాలు జంటలు, ఒక్కో పక్క రెండేసి టైర్లు. ఆ రెండిటి మధ్య సందు ఉండాలి. బరువు ఎక్కినప్పుడు టైరు కింది భాగం పక్కకు ఉబ్బుతుంది. సందు చాలకపోతే రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి, వేడెక్కుతాయి, ఏదో ఒక రోజు పేలతాయి. ఆ సందును ఇచ్చేది రిమ్ము లోతు, అంటే బోల్టులు బిగించే పళ్లెం రిమ్ము నడిమి నుంచి ఎంత పక్కకు ఉందో ఆ దూరం. మా ఆయన చార్టులో చూసి టేపుతో కొలిచేవాడు. నా లెక్క వేళ్లది. మామూలు టైర్లకు రెండు వేళ్లు దూరితే సరి.

ఆ రోజు ఒక వేలు దూరింది. రెండోది ఇరుక్కుంది.

వేలు బయటకు తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. ఆ రిమ్ములకు లోతు చాల్లేదని నా చేతికి ఆ నిమిషంలోనే తెలిసింది.

"ఏంటమ్మా, ఏమన్నా ఇబ్బందా?" అన్నారు శేషగిరి గారు.

"లేదండీ. ఒకసారి చార్టు చూస్తే..." అని నోరు జారాను.

"చూడండి, చూడండి. నేనే చదివేవాణ్ణి గానీ కళ్లజోడు బండిలో కూడా లేదు, ఇంట్లో మర్చిపోయా" అన్నారాయన.

నా మాట ఆయన అనేశారు. నాకింక వేరే మాట లేదు. కోటయ్య వైపు చూశాను. అతను తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ చార్టు వైపే చూస్తున్నాడు. నేను వెళ్లి దాని ముందు నిలబడ్డాను. వేలు పైనుంచి కిందికి దించాను, తర్వాత అడ్డంగా జరిపాను. పెదాలు కూడా కదిపాను. మా ఆయన చదివేటప్పుడు కదిలేవి. ఎంతసేపు నిలబడితే చదివినట్టుంటుందో అంతసేపు నిలబడి వెనక్కి తిరిగాను.

"సరిపోద్దండీ" అన్నాను.

మర్నాడు పొద్దున షాపు ముందే పూజ చేయించారు. చక్రాలకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. కోటయ్య లారీని ముందుకు కదిలించాడు. శేషగిరి గారు నాకు ప్రసాదం, ఒక నేత చీర ఇచ్చారు. నేను తీసుకున్నాను.

మూడు వారాల తర్వాత కోటయ్య ఒక్కడే వచ్చాడు. నూలు బేళ్లు దించి ఖాళీ బండితో పోతూ ఆగాడు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పి నా ముందు పెట్టాడు. నల్లటి పొడి, మిరియాల పొడిలా.

"జంట మధ్య నుంచి రాలతంది మస్తానమ్మా. లోడు దించాక చెయ్యి పెడితే కాలుద్ది. ఒకసారి చూడవా?"

చూడాల్సిన పని లేదు. ఆ పొడి చూడగానే అర్థమైంది. నాలుగు వెనక చక్రాలూ విప్పి, లోతున్న రిమ్ములు వెతకాలి, లేదా ఒక సైజు తగ్గించి 9.00-20 వేయాలి. ఏదైనా సరే శేషగిరి గారికి చెప్పాలి. చార్టు చూశానన్నారు కదా అని ఆయన అడుగుతారు.

"కొత్త టైరు కదా కోటయ్యా, మొదట్లో పొడి రాలుద్ది. ఏం కాదు" అన్నాను.

"ఏం కాదంటావా?"

"నే చెబుతున్నాగా."

అతను కాసేపు నా మొహం వైపు చూశాడు. పొట్లం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "సరే, నువ్వు చెప్పాక ఇంకేంటి" అని వెళ్లిపోయాడు.

ఇంకో నెల తిరక్కముందే కూచిపూడి దాటాక ఎడమ పక్క లోపలి టైరు పేలింది. నిండా నూలు బేళ్లు. లారీ కాలవ వైపు ఒరిగింది. కోటయ్య స్టీరింగును వదలకుండా పట్టుకుని గట్టు మీద చెట్టుకు ఆనించి ఆపాడట. స్టీరింగు వెనక్కి తన్ని కుడి మణికట్టు విరిగింది. బేళ్లు సగం కాలవలో పడ్డాయి.

వారం తర్వాత శేషగిరి గారు షాపుకి వచ్చారు. వెంట కోటయ్య, చేతికి కట్టుతో. టైరు పీలికలు పీలికలు అయిపోయింది, అందులో ఏమీ తెలియడం లేదు. వేగంగా తోలాడనీ, గాలి చూసుకోలేదనీ ఊళ్లో అంటున్నారు.

"నీ దగ్గరకొచ్చి చూపించానంటున్నాడమ్మా. నువ్వు ఏం కాదన్నావంట. నిజమేనా?"

ఇద్దరూ నా వైపు చూస్తున్నారు. వెనక గోడ మీద చార్టు ఉంది.

"వచ్చాడండీ" అన్నాను. "గాలి ఎప్పటికప్పుడు చూసుకోమని చెప్పాను. బరువు తగ్గించమని కూడా చెప్పాను."

కోటయ్య నోరు తెరిచాడు. నేను వాదిస్తాడనే అనుకున్నాను. కానీ అతను కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, "సరేనండీ" అన్నాడు. ఆ మాట నాతో అన్నాడో, శేషగిరి గారితో అన్నాడో నాకు తెలియలేదు.

శేషగిరి గారు అక్కడే, నా షాపు ముందే, తాళాలు అడిగి తీసుకున్నారు. ఎడమచేత్తో జేబులోంచి తీయడానికి కోటయ్యకు చాలాసేపు పట్టింది.

తర్వాత ఎవరో చెప్పారు, అతను చల్లపల్లిలో ఒక రైసు మిల్లు గేటు దగ్గర కాపలా ఉంటున్నాడని. యాక్సిడెంటు చేసిన డ్రైవరని ఎవరూ బండి ఇవ్వడం లేదని.

కరోనాకి షాపులు మూసేశారు. ఇంట్లో పని లేక కూర్చున్న నాకు మా కోడలు షమీమ్ అక్షరాలు నేర్పింది. నేను అడగలేదు. ఒక రోజు మందుల చీటీ తిరగేసి పట్టుకున్నాను, అది చూసింది. "అత్తమ్మా, ఎవరికీ చెప్పనులే, రా కూర్చో" అంది. అంతే. షాపు మళ్లీ తెరిచాక ముందు ఆగే లారీల వెనక రాతలే నాకు వాచకం. ఒత్తులు కుదరడానికి ఏడాది పైనే పట్టింది.

2021 చివర్లో షాపుకి సున్నం వేయిస్తూ చార్టు కిందికి దించాను. బల్ల మీద పెట్టి అద్దం తుడుస్తుంటే పై వరసలో మాటలు కనబడ్డాయి. అవి అంతకుముందూ ఉన్నాయి. 'రిమ్ము వెడల్పు' అని చదివాను. 'గాలి' అని చదివాను. చివరి గడి దగ్గర కూడబలుక్కున్నాను. 'జంట టైర్లలో ఒకదాని నడిమి నుంచి రెండోదాని నడిమి దాకా దూరం, కనీసం.' వేలు దించుకుంటూ 10.00-20 దగ్గరకు వచ్చాను. పన్నెండున్నర అంగుళాలు. దాని కింద చిన్న అక్షరాలు. 'ఇంతకు తక్కువైతే ఈ టైరు వేయరాదు.'

ఆ రోజు నేను వేలు పెట్టిన చోటు కూడా గుర్తుంది. అది ట్రాక్టరు ముందు టైర్ల వరస. కంగారులో సైజు అంకె కూడా చూసుకోలేదు.

సున్నం వేసేవాళ్లు టీకి వెళ్లారు. నేను ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. చదువు రాకపోవడం నా తప్పు కాదని షమీమ్ చాలాసార్లు అంది. అది నిజమే అనుకుంటాను. కానీ ఒక వేలు దూరి రెండోది ఇరుక్కున్నప్పుడు నాకు అక్షరాలతో పని లేదు. రోడ్డు మీద పోయే ఎవరినైనా పిలిచి ఈ గడి చదవమంటే చదివేవాళ్లు. ఆ పొడి పొట్లం విప్పినప్పుడైనా చాలు. నాకు చదువు రాదన్న సంగతి దాచుకోవడానికి నలభై ఏళ్లుగా బండి తోలిన డ్రైవరు పేరు చెరిపేశాను.

పెద్ద చక్రాలు వేయమని వచ్చేవాళ్లకు ఇప్పుడు నేను చెప్పేది ఇదే. ఖాళీ బండికి కొలతలు చూసి సంబరపడొద్దు. బరువు ఎక్కించి, టేపు పెట్టి, జంటల మధ్య కూడా సుద్ద పూసి చూడండి. పాత రిమ్ము రంధ్రాలు కుదిరితే సరిపోదు, లోతు కుదరాలి. డ్రైవరు వచ్చి పొడి రాలుతోందంటే ఆ బండిని కదలనివ్వొద్దు. అతను చెయ్యి పెట్టి చూశాడు, మీరు చూడలేదు. ఏ బిగించేవాళ్లయినా చార్టు చూశామంటే, ఏ వరసో వేలు పెట్టి చూపించమనండి. నన్ను అలా అడిగి ఉంటే బాగుండేది.

చార్టు చదివిన మర్నాడు పొద్దున దాన్ని అద్దంలోంచి తీసి చుట్టి, టేపు సంచిలో వేసుకుని చల్లపల్లి బస్సెక్కాను. ముందు మిల్లుకే వెళ్లాను. కోటయ్య గేటు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది. నన్ను చూసి లేవలేదు. నేను చార్టు విప్పి ఆ వరస మీద వేలు పెట్టి చదివాను. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. అతను ఆగి విన్నాడు.

"ఆ రోజు నువ్వు చదవలేదని నాకు తెలుసు" అన్నాడు. "నాకూ నాలుగు ముక్కలొచ్చు. ట్రాక్టరు అన్న మాట దగ్గర నీ వేలుంది."

"మరి అప్పుడే ఎందుకనలేదు?"

"ఆయన ముందు నీ పరువెందుకు తీయటమని. వేళ్లతో చూసుకున్నావు కదా, చేతికి తెలుసుద్దిలే అనుకున్నా." కుడి మణికట్టు రుద్దుకుంటూ అన్నాడు. "నువ్వు నాకట్టా చేస్తావనుకోలా."

నేను చార్టు చుట్టాను. "ఆయన దగ్గరికి పోదాం రా" అన్నాను.

"నేనెందుకు? చదవాల్సింది నువ్వు" అన్నాడు. అయినా స్టూలు గేటు లోపల పెట్టి నా వెనకే వచ్చాడు.

శేషగిరి గారి బట్టల కొట్లో గుమాస్తాలు, కొనడానికి వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. నేను నిలబడే చదివాను. చదివాక, "ఆ రోజు నాకు చదవటం రాదండీ. చదివినట్టు నటించాను. కోటయ్య పొడి తెచ్చి చూపించిన మాట నిజం. ఏం కాదన్నది నేను. గాలి మాట, బరువు మాట నేను తర్వాత కల్పించాను" అన్నాను. షాపుకి వచ్చే మనిషికి నాకు చదువు రాదని చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి.

శేషగిరి గారు నా వైపు చూడలేదు. కోటయ్య వైపు తిరిగి, "నువ్వు చెప్పావురా, నేనే వినలా" అన్నారు. కోటయ్య తల వంచుకుని గచ్చు వైపు చూశాడు. ఆయన సొరుగు లాగి తాళాలు తీసి అతని ముందు పెట్టారు. అతను వాటిని ముట్టుకోలేదు.

"ఈ చెయ్యి ఆ స్టీరింగు తిప్పలేదండీ ఇంక" అన్నాడు. "ముందు ఆ చక్రాలు విప్పించండి. తెలియక ఇంకెవడన్నా తోలతాడు."

లారీ వెనక షెడ్డులో ఉంది, ఎడమ పక్క దుంగల మీద. కుడి పక్క జంట అప్పుడు నేను బిగించినట్టే ఉంది. నేల మీద కూర్చుని రెండు టైర్ల మధ్యకు అలవాటుగా వేళ్లు పోనిచ్చాను.

"వేళ్లు కాదు" అన్నాడు కోటయ్య వెనక నుంచి. "టేపు పెట్టు. పెట్టి పైకి చదువు."

ఒక టైరు నడిమి నుంచి రెండోదాని నడిమికి టేపు పెట్టాను. "పదకొండు ముప్పావు" అని అందరికీ వినబడేలా చదివి, జాకీ తెమ్మన్నాను.